ఎమ్మెస్సీ అప్లయిడ్ మ్యాథ్స్ చేస్తే టీచర్ ఉద్యోగం తప్ప ఇంకేమీ లేదా?

బోడుప్పల్_ఎంఎస్‌సీఎస్

నమస్తే అందరికీ. నేను బీఎస్సీ ఎంఎస్‌సీఎస్ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్ సైన్స్) ఫైనల్ ఇయర్, నారాయణగూడ వైపు ఒక కాలేజీలో చదువుతున్నా. మూడు సబ్జెక్టుల్లో నాకు మ్యాథ్స్ అంటేనే ప్రాణం, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, లీనియర్ ఆల్జీబ్రా ముందు ఎంతసేపు కూర్చున్నా విసుగు రాదు. ఎమ్మెస్సీ అప్లయిడ్ మ్యాథమెటిక్స్ చేద్దామని ఉంది. ఉస్మానియా కోసం సీపీగెట్, సెంట్రల్ యూనివర్సిటీ కోసం సీయూఈటీ పీజీ రాద్దామనుకుంటున్నా.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. నాన్న ఆర్టీసీలో కండక్టర్, రిటైర్‌మెంట్‌కు ఇంకా నాలుగేళ్లే ఉంది, తమ్ముడు ఇంటర్. "ఐసెట్ రాసి ఎంసీఏ చెయ్యి బిడ్డా, ఏదో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తది, లెక్కల్ల ఎమ్మెస్సీ చేసి మళ్ల బీఈడీ, డీఎస్సీ అనుకుంట ఎన్నేండ్లు తిరుగుతవ్" అంటున్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, మా బంధువుల్లో ఒక అక్క డీఎస్సీ కోసం ఆరేళ్లుగా చదువుతూనే ఉంది. నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

అప్లయిడ్ అని పేరులో ఉంది కదా, మామూలు ఎమ్మెస్సీ మ్యాథ్స్‌కూ దీనికీ తేడా ఏమిటి? చదివినవాళ్లు ఇప్పుడు ఏం పని చేస్తున్నారు? కంపెనీ పేర్లు, ప్యాకేజీలు కాదు, రోజూ ఆఫీసుకు వెళ్లి ఏం చేస్తారో తెలుసుకోవాలని ఉంది. అది తెలిస్తే నాన్నకు చెప్పగలుగుతా.

నానక్‌రామ్‌గూడ_వాలిడేషన్

చెల్లీ, నేను ఉస్మానియాలోనే అప్లయిడ్ మ్యాథ్స్ చేశాను, ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఒక బ్యాంకు ఆఫీసులో మోడల్ వాలిడేషన్‌లో ఉన్నాను. కొంచెం పెద్దగా రాస్తాను, ఎందుకంటే నీ స్థానంలో నేను ఉన్నప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు.

ముందు తేడా సంగతి. మొదటి సంవత్సరం చాలావరకు ఒక్కటే, రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, కాంప్లెక్స్ అనాలిసిస్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. తర్వాత ప్యూర్ వాళ్లు ఆల్జీబ్రా, టోపాలజీ లోతుకు వెళ్తారు, మనకు న్యూమరికల్ అనాలిసిస్, ఇంటెగ్రల్ ఈక్వేషన్స్, కాల్‌క్యులస్ ఆఫ్ వేరియేషన్స్, ఫ్లూయిడ్ డైనమిక్స్, ఆపరేషన్స్ రీసెర్చ్ లాంటివి ఎక్కువ వస్తాయి. కానీ పేరులో అప్లయిడ్ ఉన్నంత మాత్రాన అది చేతికి వచ్చేస్తుందని అనుకోవద్దు. నోట్సులో ఉన్నది పరీక్షలో రాసి 75 శాతం తెచ్చుకుని బయటికొచ్చినవాళ్లు మా బ్యాచ్‌లో ఉన్నారు, వాళ్లను ఇంటర్వ్యూలో "ఒక సమీకరణం ఇస్తాను, కంప్యూటర్‌తో సాధించి చూపించండి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. లెక్క తెలియక కాదు, చేతితో చేసి చూడలేదు, అంతే.

నా సొంత అనుభవం చెప్తాను. రెండో సెమిస్టర్‌లో హీట్ ఈక్వేషన్, అంటే వేడి ఎలా పాకుతుందో చెప్పే సమీకరణం, చదువుతున్నాం. ఒక కడ్డీని 21 బిందువులుగా విడగొట్టి, మధ్య బిందువు ఒక్కటే 100 డిగ్రీలు, మిగతావన్నీ సున్నా, రెండు చివరలూ ఎప్పటికీ సున్నా అని పెట్టుకుని ప్రోగ్రామ్ రాశాను. ఒక్కో అడుగులో ప్రతి బిందువు దగ్గర కొత్త ఉష్ణోగ్రత ఎంతో లెక్కగట్టాలి: పాత విలువకు, రెండు పక్కల వాళ్ల మొత్తంలోంచి పాత విలువ రెండింతలు తీసేసి దాన్ని ఆర్‌తో గుణించి కలపాలి. ఆర్ అంటే పదార్థాన్ని బట్టి వచ్చే గుణకాన్ని కాలం అడుగుతో గుణించి, దూరం అడుగు వర్గంతో భాగిస్తే వచ్చేది. నేను ఆర్ 0.6 పెట్టాను. 40 అడుగులు తిరిగేసరికి మధ్య బిందువు దగ్గర ఉష్ణోగ్రత 40 లక్షలు దాటింది! దాని పక్క బిందువు దగ్గర మైనస్‌లో లక్షలు. 100 డిగ్రీల కడ్డీ చల్లారాల్సింది పోయి అలా ఎందుకైందో అర్థం కాక రెండు రోజులు ప్రోగ్రామ్‌లో తప్పు వెతికాను. ప్రోగ్రామ్‌లో తప్పే లేదు. మా సార్ బోర్డు మీద మూడు లైన్లు రాసి చూపించారు: పైకీ కిందికీ ఊగే చిన్న అలజడి ప్రతి అడుగులో 1 మైనస్ 4ఆర్ రెట్లు అవుతుంది, ఆర్ 0.6 అయితే దాదాపు మైనస్ 1.4, కాబట్టి గుర్తు మారుతూ పెరుగుతూనే పోతుంది. ఆర్ సగానికి మించకూడదు. అందుకే దూరం అడుగు సగం చేస్తే కాలం అడుగు నాలుగో వంతు చెయ్యాలి. క్లాసులో ఆ సిద్ధాంతం అంతకుముందే రాసుకున్నాను, కానీ ఆ రోజు దాకా అది నాకు నోట్సులో ఒక లైను మాత్రమే.

ఇప్పుడు నా ఉద్యోగం సరిగ్గా అదే. బ్యాంకులో ఒక టీమ్ లెక్కల మోడల్ తయారు చేస్తుంది, ఫలానా అప్పు తిరిగి వస్తుందా రాదా అనో, ఫలానా ఆప్షన్ (షేరు లాంటిదాన్ని ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కు) ధర ఎంత ఉండాలనో. తయారు చేసినవాళ్లు కాకుండా వేరేవాళ్లు దాన్ని పరీక్షించాలని 2011లో అమెరికా ఫెడరల్ రిజర్వ్ మార్గదర్శకం ఇచ్చింది, అప్పటి నుంచి ఈ పనికి మనుషులు బాగా కావాల్సి వచ్చింది. మేం కూర్చుని ఈ అంకె ఎక్కడ విరుగుతుందో వెతుకుతాం. ఆప్షన్ ధర లెక్కగట్టడానికి 1973లో వచ్చిన బ్లాక్ షోల్స్ సమీకరణంలో చలరాశులు మారిస్తే అది హీట్ ఈక్వేషనే అవుతుంది, కాబట్టి కడ్డీలో నేను చూసిన ఆ పేలుడు ఆప్షన్ ధర లెక్కలోనూ వస్తుంది. అప్పుల మోడల్‌లో ఇంకో రకం. ఈ మధ్య ఒక మోడల్‌లో నెల జీతం, ఏడాది ఆదాయం రెండూ వేశారు, రెండూ దాదాపు ఒకటే సమాచారం, దాంతో మ్యాట్రిక్స్ సింగ్యులర్‌కు దగ్గరైంది, అంటే దేని ప్రభావం ఎంతో విడదీయలేని స్థితి వచ్చింది, ఆదాయం పెరిగితే అప్పు ఎగ్గొట్టే అవకాశం పెరుగుతుందని ఫలితం వచ్చింది. డేటా కొంచెం మార్చి మళ్లీ నడిపితే గుర్తు తారుమారు. సాఫ్ట్‌వేర్ ఏ ఎర్రర్ కూడా చూపించలేదు. దాన్ని పట్టుకోవడానికి కావాల్సింది ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్ లీనియర్ ఆల్జీబ్రా, దాన్ని నమ్మకంగా వాడే అలవాటు.

నాన్నగారికి నా మాటగా చెప్పు: ఈ కోర్సు ఉద్యోగం చేతిలో పెట్టదు, కానీ మొదటి సెమిస్టర్ నుంచే వారానికి ఒక లెక్కయినా పైథాన్‌లో చేసి చూస్తే రెండేళ్లకు ఎంసీఏ వాళ్లు చేసే ప్రోగ్రామింగ్ నీకూ వస్తుంది, వాళ్లకు రానిది ఇంకొకటి నీ దగ్గర ఉంటుంది. నువ్వు ఎలాగూ కంప్యూటర్స్ చదివావు.

జేఎల్_మ్యాథ్స్

అమ్మా, నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని. "టీచర్ ఉద్యోగం తప్ప" అని రాశావు, అది చూసి కొంచెం బాధేసింది. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లవాడికి లిమిట్ అంటే ఏమిటో నిజంగా అర్థమయ్యేలా చెప్పగలిగే మనిషి మన రాష్ట్రానికి చాలా అవసరం, దాన్ని చివరి దిక్కుగా చూడొద్దు.

అయితే దారి సులువని అబద్ధం చెప్పను. ఎమ్మెస్సీ అయ్యాక నేను అయిదేళ్లు ఒక ప్రైవేట్ కాలేజీలో పనిచేశాను. పొద్దున ఆరున్నరకు మొదలైతే రాత్రి స్టడీ అవర్లు అయ్యేదాకా ఉండాలి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి పెట్టుకున్నారు, మధ్యలో మానేస్తానంటే ఇవ్వడానికి మూడు నెలలు తిప్పారు, ఆ మూడు నెలల్లోనే నేను ఒక ఇంటర్వ్యూ పోగొట్టుకున్నాను. ఎక్కడ చేరినా సరే, ఒరిజినల్స్ మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు. జిరాక్స్ ఇవ్వు, చూపించాలంటే చూపించి వెనక్కి తెచ్చుకో.

జీతం సంగతికొస్తే జేఈఈ బ్యాచ్‌లకు చెప్పగలిగితే ప్రైవేట్‌లో బాగానే ఇస్తారు, మామూలు సెక్షన్లకు తక్కువ. ప్రభుత్వ జూనియర్ కాలేజీలు, గురుకులాల నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేరు, దాని మీదే ఇల్లు నడపాలనుకుంటే కష్టం. యూనివర్సిటీల్లో, డిగ్రీ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే పీజీలో 55 శాతం, నెట్ లేదా సెట్ (జాతీయ, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్షలు) ఉండాలి, కాబట్టి పీజీ మార్కులను మొదటి సెమిస్టర్ నుంచే చూసుకో. తర్వాత సప్లిమెంటరీలు రాసి ఎక్కించుకుందాంలే అనుకున్న నా క్లాస్‌మేట్ ఒకడు 54 దగ్గర ఆగిపోయాడు. ఇంకో మాట, ఏ నోటిఫికేషన్ అయినా అర్హతల పేరా మొత్తం చదువు, మీ డిగ్రీ మీద "అప్లయిడ్ మ్యాథమెటిక్స్" అని ఉంటుంది కాబట్టి అక్కడ ఏమని రాశారో చూసుకోవాలి.

స్టాట్స్_మనిషి

నేను వేరే మాట చెప్తాను. ఇంట్లో డబ్బు అవసరం ఉంది, నాలుగేళ్లలో నాన్న రిటైర్ అవుతారు అంటున్నావు. అలాంటప్పుడు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఎందుకు చూడవు? డిగ్రీలో ఎలాగూ చదివావు, డేటా ఉద్యోగాలకు నేరుగా అదే అడుగుతారు. ఫ్లూయిడ్ డైనమిక్స్ ఒక సెమిస్టర్ చదివి గచ్చిబౌలిలో ఏం చేస్తావు? లెక్కల మీద ఇష్టం ఉండటం మంచిదే, కానీ ఇంటి పరిస్థితి కూడా చూసుకోవాలి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. యూపీఎస్సీ వాళ్లు పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీస్ (ఐఎస్ఎస్) పరీక్షకు డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు, 21 నుంచి 30 ఏళ్ల వయసు ఉండాలి. అంటే నువ్వు ఎమ్మెస్సీ ఏది చేసినా ఎంఎస్‌సీఎస్ వల్ల అర్హురాలివే. స్టాటిస్టిక్స్ లేని ఎంపీసీ, ఎంపీసీఎస్ చదివినవాళ్లకు ఒక్క డిగ్రీతోనే ఈ అవకాశం రాదు. గ్రూప్ ఎ ఉద్యోగం, దీన్ని వదులుకోకు.

నానక్‌రామ్‌గూడ_వాలిడేషన్

స్టాటిస్టిక్స్ గురించి అన్నది నిజమే అన్నా, మా టీమ్‌లో సగం మంది స్టాట్స్ వాళ్లే. ఐఎస్ఎస్ సంగతి నాకూ తెలియదు, చాలా మంచి మాట చెప్పారు. కానీ ఫ్లూయిడ్ డైనమిక్స్ వృథా అన్నది ఒప్పుకోను. అందులో నేర్చుకునేది నీళ్ల గురించి కాదు, ఒక పెద్ద సమీకరణంలో ఏ పదాన్ని వదిలెయ్యొచ్చో, ఏది వదిలేస్తే లెక్క మొత్తం తప్పుతుందో అంచనా కట్టడం. మా ఆఫీసులో రోజూ చేసేది అదే.

చెల్లీ, ఇన్సూరెన్స్ వైపు కూడా చూడు. యాక్చువరీ (ఇన్సూరెన్స్‌లో రిస్కు లెక్కగట్టే నిపుణులు) పరీక్షలు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యాక్చువరీస్ ఆఫ్ ఇండియా పెడుతుంది, ముందు ఏసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఉద్యోగం చేస్తూ ఒక్కో పేపర్ రాసుకోవచ్చు. సీఎస్1 పేపర్ దాదాపు మీ డిగ్రీ స్టాటిస్టిక్సే, అందులో ఒక భాగం కంప్యూటర్ ముందు ఆర్ అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో చెయ్యాలి. ఏళ్లు పడుతుంది, ఓపిక కావాలి, ఫీజులు కూడా తక్కువేమీ కాదు. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది.

హబ్సిగూడ_రీసెర్చ్

నేను పీహెచ్‌డీ నాలుగో సంవత్సరం, ఎమ్మెస్సీ ఇక్కడే చేశాను. రీసెర్చ్ వైపు ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా.

రీసెర్చ్ ఫెలోషిప్‌కు, లెక్చరర్ అర్హతకు రాసే సీఎస్ఐఆర్ నెట్ మ్యాథమెటికల్ సైన్సెస్ పేపర్ అంటే చాలామంది భయపడతారు, దాని నిర్మాణం ఒకసారి చూస్తే ఆ భయం తగ్గుతుంది. మొత్తం 200 మార్కులు. పార్ట్ సిలో 60 ప్రశ్నలు ఇస్తారు, 20 రాస్తే చాలు, ఒక్కోదానికి 4.75 మార్కులు, అంటే 95 మార్కులు అక్కడే. నెగెటివ్ లేదు, కానీ సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే మార్కులు. సిలబస్‌లో మొదటి యూనిట్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, రెండోది కాంప్లెక్స్ అనాలిసిస్, ఆల్జీబ్రా, టోపాలజీ, మూడోది డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, న్యూమరికల్ అనాలిసిస్, ఇంటెగ్రల్ ఈక్వేషన్స్, మెకానిక్స్ వగైరా, నాలుగోది స్టాటిస్టిక్స్, ఆపరేషన్స్ రీసెర్చ్. అప్లయిడ్ మ్యాథ్స్ వాళ్లకు మూడో యూనిట్ క్లాసులోనే అయిపోతుంది. నీకు నాలుగోదీ సగం వచ్చినట్టే. మొదటి యూనిట్ మాత్రం ఎవరికీ తప్పదు, అక్కడ బలం లేకపోతే మిగతావి ఎంత వచ్చినా లాభం లేదు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000, దాని మీద హెచ్‌ఆర్‌ఏ. చదువుకుంటూ ఇంటికి కొంత పంపొచ్చు, నేను పంపుతున్నా.

ఏం పని చేస్తారని అడిగావు కదా. మన ఊళ్లోనే చూడు. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం ఉంది, 2004 సునామీ తర్వాత 2007లో సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే పెట్టారు. సముద్రం అడుగున భూకంపం వస్తే అల ఏ తీరానికి ఎంతసేపట్లో చేరుతుందో అప్పటికప్పుడు మొదటి నుంచి లెక్కగట్టే టైం ఉండదు, అందుకే రకరకాల భూకంపాలకు షాలో వాటర్ ఈక్వేషన్స్ (అలల కదలికను చెప్పే సమీకరణాలు) ముందే సాధించి ఫలితాలు దాచిపెడతారు, నిజంగా వచ్చినప్పుడు దగ్గరగా ఉన్నది తీస్తారు. అల వేగం ఎంతో డిగ్రీ చదివినవాళ్లెవరైనా లెక్కగట్టొచ్చు: లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే సరి, 4,000 మీటర్ల లోతులో గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది. ఇటు ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ, భూభౌతిక పరిశోధన సంస్థ. పైన నమోదైన కంపనాలను బట్టి భూమి లోపల ఏముందో చెప్పడం అంటే జవాబు నుంచి ప్రశ్నకు వెనక్కి వెళ్లడం, కొలతలో చిన్న తప్పు ఉంటే జవాబు ఎక్కడికో పోతుంది, దాన్ని అదుపులో పెట్టే గణితమే వేరు. నువ్వు రోజూ ఆ గేటు ముందు నుంచే బస్సులో కాలేజీకి వెళ్తుంటావు. కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ ల్యాబులు ఉన్నాయి, సైంటిస్ట్ బి పోస్టులకు గేట్ మ్యాథమెటిక్స్ స్కోరు తీసుకున్న సందర్భాలు ఉన్నాయి, పోస్టులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

ఒక జాగ్రత్త. పీహెచ్‌డీకి వచ్చేసరికి గైడ్ ఎవరు, ఏ సమస్య మీద పనిచేస్తున్నారు అన్నది ముందు కనుక్కో. పాత సమీకరణంలో ఒక పరామితి కొత్తగా కలిపి, అవే గ్రాఫులు మళ్లీ గీసి పేపర్లు వేసే పద్ధతి మన దగ్గర కొన్ని చోట్ల ఉంది. అలాంటి చోట అయిదేళ్లు పోతే తిరిగి రావు.

స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతి తెలుసా? ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్‌లో పీజీ చేసి, సైన్యంలో లెక్కల ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు, అది రాలేదు. అక్కడే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి 1941లో శిక్షణకు చేరారు. 2023లో స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి అందుకున్నది ఆయనే. ఆయన పేరు మీద ఉన్న సంస్థ గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనే ఉంది, సీయూఈటీ పీజీలో సీటు వస్తే నీకు నడిచి వెళ్లేంత దూరం.

బోడుప్పల్_ఎంఎస్‌సీఎస్

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సార్, "టీచర్ ఉద్యోగం తప్ప" అని రాసినందుకు క్షమించండి, నన్ను ఇక్కడిదాకా తెచ్చింది కూడా ఒక మ్యాథ్స్ సారే. ఒరిజినల్స్ మాట అమ్మకు కూడా చెప్పాను. ఐఎస్ఎస్ పాత పేపర్లు దించుకున్నాను అన్నా.

అక్కా, మీరు చెప్పిన కడ్డీ లెక్క నిన్న రాత్రి పైథాన్‌లో చేశాను. 0.6 పెడితే నిజంగానే 40 లక్షలు దాటింది. తర్వాత 0.51 పెట్టాను, 20 అడుగుల దాకా ఏమీ తేడా కనిపించలేదు, ఇంత చిన్న తేడాకు ఏమవుతుందిలే అనుకున్నా, 300 అడుగులు తిప్పితే మధ్యలో 30 వేలు దాటింది. అంటే కొంచెంసేపు చూసి బాగానే ఉందని వదిలేస్తే మోసపోతామన్నమాట.

కానీ నేను అడగాలనుకున్నది 0.5 గురించి. అప్పుడు పేలలేదు, కానీ ఒక బిందువు విడిచి ఒకటి సున్నా వస్తోంది. మొదట 100. తర్వాత 50, 0, 50. తర్వాత 25, 0, 50, 0, 25. ఆ తర్వాత 12.5, 0, 37.5, 0, 37.5, 0, 12.5. సున్నాలు తీసేస్తే 1, 2, 1, తర్వాత 1, 3, 3, 1. ఇవి మా బైనామియల్ సంఖ్యలు కదా! వేడి లెక్కలోకి నాణెం ఎగరేసే లెక్క ఎట్లా వచ్చింది? నాన్న డ్యూటీ నుంచి రాగానే స్క్రీన్ చూపించాను, ఆయనకు సమీకరణం అర్థం కాలేదు కానీ "గీ నడిమి అంకె ఇంత పెద్దగ ఎందుకైంది" అని 0.6 దాన్ని చూసి అడిగాడు, అరగంట కూర్చుని చెప్పాను. సీపీగెట్, సీయూఈటీ రెండూ రాయమన్నాడు. ఐసెట్ కూడా రాయమన్నాడు, రాస్తా.

నానక్‌రామ్‌గూడ_వాలిడేషన్

చెల్లీ, నువ్వే పట్టుకున్నావు చూడు. ఆర్ 0.5 అయితే పాత విలువ పూర్తిగా కొట్టేసుకుపోతుంది, ప్రతి బిందువు దగ్గర కొత్త విలువ రెండు పక్కల వాళ్ల సగటు. అంటే అక్కడున్న వేడిలో సగం ఎడమకు, సగం కుడికి పోయినట్టు. బొమ్మ పడితే ఎడమకు, బొరుసు పడితే కుడికి అడుగేసే మనిషి ఎక్కడ ఉండే అవకాశం ఎంత అన్నదీ అదే లెక్క. సరి సంఖ్య అడుగుల తర్వాత బేసి స్థానంలో ఉండలేడు కాబట్టి మధ్యలో సున్నాలు. బిందువులు దగ్గర చేస్తూ పోతే నీ బైనామియల్ నార్మల్ కర్వ్‌గా మారుతుంది, హీట్ ఈక్వేషన్ జవాబు కూడా ఆ కర్వే. ధరలు ఇలాగే తడబడుతూ నడుస్తాయని 1900లో బాషెలియె అనే ఫ్రెంచ్ ఆయన తన థీసిస్‌లో రాశాడు, అక్కడి నుంచే మా ఆప్షన్ లెక్కలకు దారి.

సీయూఈటీ పీజీ ముందు వస్తుంది, దాని అప్లికేషన్ తేదీ ఇవాళే చూసుకో. ఇప్పుడు ఆర్ 0.25 పెట్టి నడుపు, సున్నాలు ఏమవుతాయో, ఎందుకో రాసి ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.